నర్సు అడక్కపోతే మాకు తెలిసేదే కాదు

మా చెల్లికి 23 ఏళ్ళు, బెంగళూరు మారతహళ్ళిలో నాతోనే ఉంటుంది. నిరుడు తలలో గడ్డ తేలింది. ఆపరేషన్ అయ్యాక రేడియేషన్, టెమోజోలోమైడ్ అనే కీమో మాత్రలు అన్నారు. జుట్టు ఊడుతుంది, వాంతులవుతాయి, ప్లేట్‌లెట్లు పడిపోతాయి అని అన్నీ చెప్పారు, ఒక్కటి తప్ప. కుట్లు విప్పుతున్న నర్సు వచ్చీరాని తెలుగులో "పెళ్ళి కాలేదు కదా, ఎగ్స్ దాచుకున్నారా?" అంది. మేమిద్దరం మొహామొహాలు చూసుకున్నాం.

ఆ రాత్రి హిందూపురానికి ఫోన్ చేస్తే అమ్మ "ముందు పిల్ల బతకనీవే, పిల్లల సంగతి తర్వాత" అంది. అమ్మ బాధ అమ్మది, కానీ ఈ విషయంలో తర్వాత అంటే కుదరదు. తలకిచ్చే రేడియేషన్ మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిని దెబ్బతీస్తే అండాశయాలను నడిపే హార్మోన్లు తగ్గుతాయి, దానికి తర్వాత ఇంజెక్షన్లతో దారి ఉండొచ్చు. ఆ మాత్రలు మాత్రం అండాల నిల్వనే తగ్గించగలవు, పోయినవి మళ్ళీ పుట్టవు.

మర్నాడే ఫెర్టిలిటీ డాక్టర్ దగ్గర కూర్చున్నాం. పీరియడ్ వచ్చేదాకా ఆగక్కర్లేదట, అండాలు పెంచే ఇంజెక్షన్లు నెలలో ఏ రోజైనా మొదలుపెట్టి, రెండు వారాల్లో అండాలు తీసి దాచడం ముగించొచ్చట. గాయం మానడానికి రేడియేషన్ ఎలాగూ కొన్ని వారాలు ఆపుతారు కదా, ఆ సందులోనే ఈ పని పూర్తయింది. అండాలు తీసేటప్పుడు మత్తిచ్చే డాక్టర్ మాత్రం న్యూరోసర్జన్ లెటర్ తెచ్చేదాకా ఒప్పుకోలేదు, ఫిట్స్ మాత్ర ఒక్క పూట కూడా మానొద్దని పదిసార్లు చెప్పారు.

ఫ్రిజ్‌లో పెరుగు ప్యాకెట్ పక్కన ఇంజెక్షన్ పెన్ను. రాత్రి ఎనిమిదికి బొడ్డు పక్కన చర్మం రెండు వేళ్ళతో పట్టుకుని పొడిచేదాన్ని. మొదటిరోజు నా చెయ్యే వణికితే "తలే కోయించుకున్నా, ఇదో లెక్కా అక్కా" అని నవ్వింది.

9 అండాలు దొరికాయి. 9 అండాలంటే 9 మంది పిల్లలని కాదు, ఒక్కరైనా పుడతారన్న గ్యారంటీ కూడా లేదు, అది డాక్టరే మొహమాటం లేకుండా చెప్పారు. సంతాన చికిత్సల మీద వచ్చిన 2021 చట్టం ప్రకారం 10 ఏళ్ళ దాకా దాచుకోవచ్చు. ఇంకా ఈడేరని పిల్లలకైతే అండాశయం ముక్క తీసి దాచే పద్ధతి ఉంది. మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటిదొస్తే మొదటి మాత్ర వేసుకోకముందే మీరే అడగండి, వాళ్ళు చెప్తారని కూర్చోకండి.

మొన్న స్టోరేజీ డబ్బులు కడుతుంటే అమ్మకు కొత్త టెన్షన్, "కరెంటు పోతే ఎట్లే?" అని. ద్రవ నైట్రోజన్‌లో మైనస్ 196 డిగ్రీల్లో ఉంటాయమ్మా, కరెంటుతో పన్లేదు, తగ్గినప్పుడల్లా పోస్తుంటారన్నాను.

"పోసే అబ్బాయి నంబరు తీసి పెట్టుకో" అంది.