షెవీ సామాను ఏది, క్యాలవే సామాను ఏది: మా బీ2కే కార్వెట్ పని ఎంతవరకు వచ్చింది

బండి 1987 కార్వెట్ కూపే, నాలుగో తరం, అందరూ సీ4 అనేది. న్యూజెర్సీలో మా గరాజ్‌లో ఉంది. బానెట్ మీద గాలి కోసం కోసిన రెండు నాకా డక్టులు గమనిస్తే తప్ప మామూలు కార్వెట్‌కీ దీనికీ తేడా పెద్దగా తెలియదు. అసలు సంగతంతా బానెట్ కిందే ఉంది.

ఆ రోజుల్లో షెవ్రొలే (అందరూ షెవీ అనేది) డీలర్ దగ్గర కార్వెట్ ఆర్డర్ చేస్తూ బీ2కే అనే ఆప్షన్ కోడ్ రాయించుకోవచ్చు. అప్పుడు కెంటకీలోని బౌలింగ్ గ్రీన్ ఫ్యాక్టరీలో తయారైన బండి కనెక్టికట్‌లో ఓల్డ్ లైమ్ అనే చిన్న ఊరికి, రీవ్స్ క్యాలవే వర్క్‌షాప్‌కి వెళ్ళేది. అక్కడ ఇంజిన్ పని మొత్తం చేసి, గట్టి ఫోర్జ్‌డ్ పిస్టన్లు వేసి, కంప్రెషన్ 7.5కి తగ్గించి, రెండు చిన్న టర్బోలు (ఇంజిన్ వదిలే పొగతో తిరుగుతూ లోపలికి ఎక్కువ గాలి తోసేవి), ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్లు బిగించి డీలర్‌కి పంపేవాళ్ళు. బండి ధర 27,999 డాలర్లు, ఈ ఒక్క కోడ్ ధర 19,995 డాలర్లు. 240 హార్స్‌పవర్ ఇంజిన్ 345కి చేరేది, టార్క్ 465 పౌండ్-అడుగులు. 1988లో పవర్‌ని 382కి పెంచారు. 1991తో ఈ ఆప్షన్ ఆగిపోయింది. మొత్తం మీద తయారైనవి సుమారు 500 బండ్లు.

క్యాలవే అంతకుముందు ఆల్ఫా రోమియో జీటీవీ6కి రెండు టర్బోలు బిగించాడు. కార్వెట్ చీఫ్ ఇంజినీర్ డేవ్ మెక్‌లెల్లన్ దృష్టి అతని మీద పడింది ఆ పనితోనే. బయటివాడు చేసిన ఇంజిన్‌కి షెవ్రొలే అసలు కంపెనీ జనరల్ మోటార్స్ తన ఆర్డర్ ఫారంలో చోటివ్వడం ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. టర్బో కిట్ కొని ఎవరైనా బిగించుకోవచ్చు, కంపెనీ కోడ్ మాత్రం తర్వాత విడిగా కొనుక్కుంటే దొరికేది కాదు. అందుకే ఇలాంటి బండి కొనేవాళ్ళు ముందు చూడాల్సింది ఇంజిన్ కాదు, స్టిక్కర్. సీట్ల వెనక సామాన్ల అర మూత కింద ఆప్షన్ కోడ్ల స్టిక్కర్ ఉంటుంది, అందులో బీ2కే కనిపించాలి. క్యాలవే వాళ్ళు సంవత్సరం, వరుస సంఖ్య కలిపి ప్రతి బండికీ ఒక నంబర్ ఇచ్చారు, అది కూడా కాగితాలతో సరిపోవాలి. స్టిక్కర్ చినిగిపోయిందనీ కాగితాలు పోయాయనీ చెప్పేవాళ్ళ దగ్గర మామూలు కార్వెట్ ధరకి మించి ఒక్క డాలర్ పెట్టొద్దు.

ఈ పనికి నేను పెట్టుకున్న నియమం ఒకటే. ఏ భాగం విప్పినా ముందు అది షెవీదా, క్యాలవేదా తేల్చుకోవాలి. షెవీదైతే రెండు రోజుల్లో ఇంటికి వచ్చేస్తుంది, ధర కూడా తక్కువే. క్యాలవేదైతే దుకాణంలో దొరకదు, ఉన్నదాన్నే బాగు చేసుకోవాలి. అందుకని నీలం టేప్ షెవీకి, పసుపు టేప్ క్యాలవేకి అని పెట్టుకుని, విప్పే ముందే అంటించి ఫోటో తీస్తున్నాను. పసుపు టేప్ అంటించిన బోల్టు కూడా పారేయడం లేదు.

నవంబర్

బండి చాలా ఏళ్ళు కదలకుండా ఉంది కాబట్టి సెల్ఫ్ కొట్టకుండా ముందు పెట్రోల్ సంగతి చూశాను. సీ4లో ఒక సుఖం ఉంది. పెట్రోల్ పోసే మూత వెనక భాగంలో పైనే ఉంటుంది, పంపు కూడా అక్కడి నుంచే బయటికి వస్తుంది, ట్యాంక్ దించక్కర్లేదు. పాత పెట్రోల్ వార్నిష్ వాసన కొట్టింది. పంపు, జల్లెడ, ఫిల్టర్, ట్యాంక్ లోపలి రబ్బరు ముక్క, అన్నీ కొత్తవి వేశాను. ఇవన్నీ నీలం టేపే. ఇక్కడి పెట్రోల్‌లో పది శాతం ఇథనాల్ ఉంటుంది కాబట్టి ఇథనాల్‌కి తట్టుకునే రబ్బరు పైపే కొనాలి. పాత స్టాక్ పైపు చవగ్గా దొరికినా వద్దు.

తర్వాత ఫ్యూయల్ రెయిల్ (ఇంజక్టర్లకి పెట్రోల్ అందించే గొట్టం) మీదున్న వాల్వ్‌కి గేజ్ తగిలించి ప్రెషర్ చూశాను. పంపు నడిచినప్పుడు బాగానే ఉంది, ఆపగానే జారిపోయింది. రెగ్యులేటర్‌ వల్ల కాదని తేలాక అనుమానం నాజిల్స్ మీదికి వెళ్ళింది. ఇంజక్టర్లని మావయ్య గారు నాజిల్స్ అనే అంటారు, నాకూ అదే అలవాటైంది. ఎనిమిదింటినీ తీసి అల్ట్రాసోనిక్ క్లీనింగ్‌కి పంపితే, రెండు కారుతున్నాయని రిపోర్ట్ వచ్చింది. టర్బో బండిలో ఒక సిలిండర్‌కి పెట్రోల్ తగ్గినా పిస్టన్ పోతుంది, కాబట్టి ఎనిమిదీ ఒకే కొలతలో పోసేవే కావాలి. శుభ్రం చేస్తే చాలు, ఫ్లో టెస్ట్ దేనికి అనేవాళ్ళ మాట వినొద్దు. వీటితో పాటు క్యాలవే అదనంగా పెట్టిన రెండు నాజిల్స్‌ని కూడా వేరుగా టెస్ట్ చేయించాను. అవి బాగానే ఉన్నాయి.

డిసెంబర్, జనవరి

ఈ రెండు నెలలూ రబ్బరుతోనే గడిచాయి. వేడికి ఎండి, వేలితో వంచితే పెళ్ళలుగా విరిగే పైపులు. అంతకుముందు ఎవరో రెండు చోట్ల పైపు కోసి, ప్లాస్టిక్ జాయింట్ పెట్టి, పైన టేప్ చుట్టి వదిలేశారు. వ్యాక్యూమ్ పైపులన్నీ సిలికాన్‌వి వేశాను, ఒకటి తీసి ఒకటి పెట్టే పద్ధతిలో. అన్నీ ఒకేసారి పీకితే తర్వాత ఏది ఎక్కడిదో తెలియక గోలైపోతుంది.

లీకులు పట్టడానికి వాడిన పద్ధతి చెబుతాను, ఖర్చు పది డాలర్లు కూడా కాదు. ప్లంబింగ్ షాపులో దొరికే పీవీసీ మూతకి రంధ్రం చేసి టైరు వాల్వ్ బిగించాలి. గాలి లోపలికి వెళ్ళే నోళ్ళలో ఒకదాన్ని మూసి, రెండోదానికి ఈ మూత తగిలించి కంప్రెసర్‌తో గాలి ఎక్కించాలి. 5 పీఎస్‌ఐ దాటొద్దు, సీళ్ళు తన్నేస్తాయి. సబ్బు నీళ్ళు స్ప్రే చేస్తూ పోతే బుడగలు వచ్చిన చోటల్లా లీకే. ఆయిల్ పోసే మూత తీస్తే అక్కడి నుంచి సన్నగా గాలి రావడం మామూలే, దాన్ని చూసి టెన్షన్ పడక్కర్లేదు. సైలెన్సర్‌లో బుస్సుమంటుంటే ఏదో ఒక వాల్వ్ తెరిచి ఉన్నట్టు, క్రాంక్‌ని కొంచెం తిప్పి మళ్ళీ చూడాలి. నాకు పెద్ద లీక్ ఇంటర్‌కూలర్ మోచేతి పైపు దగ్గర దొరికింది, పసుపు టేప్ ముక్క. పగిలింది పైపు కాదు, దాని క్లిప్పు వదులైంది. పళ్ళున్న పాత రకం క్లిప్పు తీసి టీ-బోల్ట్ క్లాంప్ వేస్తే ఆగిపోయింది.

ఫిబ్రవరి: టర్బోలు

మావయ్య గారు విజయవాడ ఆటోనగర్‌లో చాలాకాలం లారీల పంపు పని చేశారు. ఈ చలికాలం మా దగ్గరికి వచ్చారు. మంచు పడితే ఆయనకి బయటికి వెళ్ళే దారి లేదు, గరాజే దిక్కు. కార్వెట్ కింద టార్చ్ వేసి చూసి, "అల్లుడు గారూ, పెట్రోల్ బండికి రెండు టర్బోలా? వీళ్ళకి వేరే పనేం లేదా?" అన్నారు. అన్నారే గానీ సాయంత్రం దాకా అక్కడి నుంచి కదల్లేదు.

టర్బోలు వార్నర్-ఇషి వాళ్ళ ఆర్‌హెచ్‌బీ5 రకం. ఈ కుటుంబానికి చెందిన టర్బోలు ఎన్నో జపాన్ బండ్లకి వచ్చాయి, కాబట్టి బేరింగులు, సీళ్ళ కిట్‌కి కరువు లేదు. బయటి హౌసింగులు మాత్రం పసుపు టేపే, పగిలితే వెల్డింగ్ తప్ప వేరే దారి లేదు. విప్పే ముందు షాఫ్ట్‌ని వేళ్ళతో పట్టుకుని చూడాలి. పక్కలకి కొంచెం ఆడినా పరవాలేదు, ఆయిల్ పొర కోసం ఆ ఖాళీ ఉంటుంది. ముందుకీ వెనక్కీ ఆడితే మాత్రం థ్రస్ట్ బేరింగ్ అయిపోయినట్టు. ఎడమది బాగుంది, కుడిది ఆడింది. రెండూ ఒకే వయసువి కాబట్టి రెండింటినీ బ్యాలెన్సింగ్ మెషిన్ ఉన్న చోటికే పంపాను. కిట్ తెచ్చుకుని ఇంట్లో బిగిద్దామనే ఆలోచన లేకపోలేదు. "లక్ష చుట్లు తిరిగేదాన్ని చేత్తో బ్యాలెన్స్ చేస్తారా?" అని మావయ్య గారు అడిగాక మానుకున్నాను.

ఈ బండిలో టర్బోలు బాగా కిందికి ఉంటాయి. బేరింగ్‌లోంచి వచ్చే ఆయిల్ తనంతట తాను సంప్‌లోకి (ఇంజిన్ అడుగున ఆయిల్ తొట్టిలోకి) జారేంత ఎత్తు లేదు, దాన్ని తోడి వెనక్కి పంపడానికి వేరే పంపు పెట్టారు. ఆ పంపు బలహీనపడితే ఆయిల్ టర్బోలోనే నిలిచి, సీళ్ళు దాటి కారి, సైలెన్సర్‌లోంచి నీలం పొగ వస్తుంది. పొగ చూడగానే టర్బో పోయిందని విప్పేస్తారు, సీళ్ళు మారుస్తారు, పొగ మళ్ళీ వస్తుంది. సిగ్నల్ దగ్గర ఎక్కువసేపు ఆగాక పొగ ఎక్కువైతే ముందు తోడే పంపునీ, దాని పైపులనీ చూడండి. నాది లోపల మడ్డి పట్టి ఉంది. కడిగి, ఆయిల్ పైపులు రెండూ కొత్తగా చేయించి, వేడి తగలకుండా పైన తొడుగు వేశాను.

ఆపే ముందు ఇంజిన్‌ని కాసేపు ఐడిల్‌లో వదలాలనేది లారీ డ్రైవర్లందరికీ తెలిసిన సంగతే. ఎర్రగా కాలిన టర్బోలో ఆయిల్ ఆగిపోతే మాడి బొగ్గవుతుంది. స్టీరింగ్ పక్కన ఈ మాట చీటీ రాసి అంటించాలని మావయ్య గారు పట్టుబట్టారు. అంటించాను కూడా.

మార్చి: మైక్రోఫ్యూలర్

దీని గురించి మెకానిక్ మిత్రులందరూ ఒకటే మాట చెప్పారు, పీకి పారేయమని. నేను పీకలేదు. ఎందుకో చెప్పాలంటే ముందు అదేం చేస్తుందో చెప్పాలి.

షెవీ కంప్యూటర్ లోపలికి వచ్చే గాలిని మీటర్‌తో కొలిచి దానికి తగ్గ పెట్రోల్ పోయిస్తుంది. ఆ రోజుల కంప్యూటర్ సెకనుకి 255 గ్రాముల దాకానే లెక్కపెట్టగలదు. టర్బోలు అంతకు మించి తోస్తే, తోసిన గాలి దాని లెక్కలోకి రాదు. క్యాలవే ఆ కంప్యూటర్‌ని ముట్టుకోకుండా పక్కనే చిన్న పెట్టె పెట్టి, బూస్ట్ (టర్బోలు తోసే గాలి ఒత్తిడి) వచ్చినప్పుడు మాత్రం మరో రెండు నాజిల్స్ తెరిచేలా చేశాడు. దాని పేరే మైక్రోఫ్యూలర్. ఇవాళ వెయ్యి డాలర్ల కంప్యూటర్ ఒకటి ఈ రెండు పనులూ ఇంతకంటే బాగా చేస్తుంది, కాదనను. కానీ ఆ పెట్టె తీసేస్తే ఇది టర్బోలు బిగించిన 87 కార్వెట్ అవుతుంది, బీ2కే కాదు. కంపెనీ ఒప్పుకున్న మార్పు అంటే అందులో ఆ పెట్టె కూడా ఉంది.

పని వివరాలు. పెట్టె విప్పి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు మార్చాను. మైక్రోఫారడ్లు పాతవాటంతే ఉండాలి, వోల్టేజ్ అంతే గానీ ఎక్కువ గానీ ఉండొచ్చు. ఇంజిన్ వేడికి దగ్గర కాబట్టి 105 డిగ్రీల రకమే కొనాలి. పగిలిన టంకాలు భూతద్దంతో చూసి మళ్ళీ కాల్చాను. కనెక్టర్లు కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగాను. తర్వాత చేతిపంపుతో పెట్టెకి బూస్ట్ ఇచ్చి, నాజిల్ కనెక్టర్‌లో చిన్న టెస్ట్ బల్బు పెట్టి చూస్తే వెలిగింది.

ఇంత చేశాక చెప్పేదేంటంటే, పెట్టె కంటే ముఖ్యమైంది దానికి బూస్ట్ సంగతి తెలిపే సన్న రబ్బరు పైపు. అది పగిలితే బూస్ట్ వచ్చినా పెట్టెకి తెలియదు, నాజిల్స్ తెరుచుకోవు, పెట్రోల్ చాలక నాకింగ్ (సిలిండర్‌లో పెట్రోల్ అదుపు తప్పి పేలడం) మొదలై పిస్టన్ రింగుల గట్లు విరుగుతాయి. రెండు డాలర్ల పైపు. ఏడాదికోసారి కళ్ళు మూసుకుని మార్చేయండి.

ఏప్రిల్

గేర్‌బాక్స్ డగ్ నాష్ 4+3. నాలుగు మామూలు గేర్లు, పై మూడింటికీ బటన్ నొక్కితే పడే ఓవర్‌డ్రైవ్. రెండు భాగాలకీ రెండు రకాల ఆయిల్, ముందు భాగానికి గేర్ ఆయిల్, ఓవర్‌డ్రైవ్‌కి ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ల ఏటీఎఫ్. ఓవర్‌డ్రైవ్‌కి సొంత ఫిల్టర్ కూడా ఉంది, చాలామంది దాని జోలికే పోరు. ఈ గేర్‌బాక్స్‌ని అందరూ తిడతారు గానీ ఆయిల్ సరిగ్గా ఉంటే ఇది అంత చెడ్డదేం కాదు. 1989 నుంచి వచ్చిన జెడ్‌ఎఫ్ ఆరు గేర్లది మెరుగే, ఒప్పుకుంటాను.

టైర్లు చూడ్డానికి కొత్తగానే ఉన్నాయి. పక్కనున్న నాలుగు అంకెలు చూస్తే వారం, సంవత్సరం తెలుస్తాయి, అవి పాతవే. తీసేశాను. బ్రేక్ ఆయిల్, హెడ్‌లైట్లు తిప్పే మోటార్ల బుషింగులు, తలుపుల రబ్బర్లు, అన్నీ షెవీవి, అన్నీ అయ్యాయి.

రోడ్డు మీదికి తెచ్చాం. గాలీ పెట్రోల్ పాళ్ళు చూపే వైడ్‌బ్యాండ్ మీటర్ పెట్టి, 93 ఆక్టేన్ పెట్రోల్ పోయించి, ముందు బూస్ట్ రాకుండా నడిపి చూశాను. ఈ రాష్ట్రంలో పెట్రోల్ మనం పోసుకోకూడదు, బంకు కుర్రాడే పోయాలి. నిండు ట్యాంక్ తర్వాత ఒక్క చుక్క పెయింట్ మీద పడకుండా వాడి పక్కనే నిలబడడం కూడా ఈ హాబీలో భాగమే. కంప్రెషన్ తక్కువ కాబట్టి కింద స్పీడ్‌లో బండి బద్ధకంగానే ఉంటుంది. బూస్ట్ మొదలయ్యాక సీటుకి అతుక్కుపోతాం. మైక్రోఫ్యూలర్ సరిగ్గా తెరుచుకుంటోంది, మీటర్‌లో పెట్రోల్ శాతం తగ్గడం లేదు. నీలం పొగ లేదు.

క్యాలవే అనగానే అందరూ అడిగేది స్లెడ్జ్‌హామర్ గురించి. 1988 అక్టోబర్ 26న ఒహాయోలో జాన్ లింగెన్‌ఫెల్టర్ గంటకి 254.76 మైళ్ళు తోలిన బండి అది. టెస్ట్ ట్రాక్‌కి రోడ్డు మీద నడుపుకుంటూ వెళ్ళి, రికార్డ్ అయ్యాక అలాగే కనెక్టికట్‌కి నడుపుకొచ్చారు. ఏసీ, తోలు సీట్లు కూడా ఉన్నాయి. అదీ ఇదీ ఒక్కటేనా అని అడిగితే, ఒకే వర్క్‌షాప్‌లో తయారైనవి, అంతే.

మిగిలినవి: ఏసీ ఇంకా పాత గ్యాస్ ఆర్12 రకమే, మార్చాలా ఉంచాలా తేలలేదు. డిజిటల్ డ్యాష్‌లో ఒక భాగం మసకగా ఉంది. కుడివైపు ఎగ్జాస్ట్ దగ్గర ఒక స్టడ్ విరిగింది. డ్రిల్ పెడితే దారి తప్పి హెడ్ చెడుతుంది, కాబట్టి విరిగిన ముక్క మీద నట్టు వెల్డ్ చేసి, వేడి చల్లారకముందే పానాతో తిప్పి తీయాలి. వెల్డింగ్ మెషిన్ శనివారం తెస్తున్నాను.