పోయినవాళ్ళ మీద కోపం

నాన్న పోయి ఏడాది దాటినా నా బుర్రలో ఒకటే మాట తిరిగేది, నేను దేనికీ పనికిరానని. ఆఫీసులో చిన్న తప్పు దొర్లినా అదే మాట, కూరలో ఉప్పు ఎక్కువైనా అదే మాట. డిప్రెషన్‌కి మందులు మొదలుపెట్టాక నిద్ర పట్టింది, ఆకలేసింది, ఆ మాట మాత్రం పోలేదు. మందులు ఆపకుండా, మనసు లోతుల్లో ఉండిపోయిన పాత భావాల్ని మాటల్లోకి తెచ్చే సైకోడైనమిక్ థెరపీకి కూడా వెళ్ళమని డాక్టర్ గారే చెప్పారు.

వారానికోసారి యాభై నిమిషాలు. చిట్కాలు ఉండవు, మనసులోకి ఏదొస్తే అది చెప్పడమే. మొదట్లో చాలా చిరాకు పడ్డాను.

ఎనిమిదో నెలలో మా థెరపిస్టు మేడమ్ రెండు వారాలు సెలవు పెట్టారు. "పర్లేదు మేడమ్" అన్నాను. ఆవిడ తిరిగొచ్చాక మొదటి సెషన్‌కి వెళ్ళడమే మర్చిపోయాను, కావాలని కాదు, నిజంగానే. తర్వాతి వారం వెళ్ళి, నాకసలు బాధ్యతే లేదంటూ ఏడుస్తుంటే, "నేను వెళ్ళినందుకు నా మీద కోపం రాలేదా?" అని మెల్లగా అడిగారు. రాలేదన్నాను. కాసేపటికి నా నోటివెంటే వచ్చింది: "మీరు చెప్పే వెళ్ళారుగా, నాన్నలా కాదుగా." నాన్న బీపీ మాత్రలు మానేసి నెలలపాటు మాకెవరికీ చెప్పలేదు.

ఎవరి మీదో ఉన్న పాత భావం ఇలా థెరపిస్టు మీదకి రావడాన్ని ట్రాన్స్‌ఫరెన్స్ అంటారు. ఈ పద్ధతిలో సగం పని దానితోనే జరుగుతుంది, ఎందుకంటే వివరించి చెప్పలేనిది అక్కడ ఎదురుగా జరిగి కనిపిస్తుంది. ఈ పద్ధతికి మూలపురుషుడైన ఫ్రాయిడ్ 1917లో అచ్చయిన ఒక వ్యాసంలో, విషాదంలో కూరుకుపోయినవాళ్ళు తమను తాము తిట్టుకునే తిట్లు ఓపిగ్గా వింటే అవి చాలావరకు వాళ్ళు ప్రేమించిన, పోగొట్టుకున్న మనిషికి సరిపోయేవిగా ఉంటాయని రాశాడు. ఫ్రాయిడ్ చెప్పినవాటిలో చాలా సంగతులు నేను నమ్మను, ఇది మాత్రం నా గురించే రాసినట్టుంది. పోయినవాళ్ళని ఒక్క మాట అనకూడదని పెంచే ఇళ్ళు మనవి, మరి ఆ కోపం ఎక్కడికి పోతుంది?

ఇది అందరికీ పనిచేస్తుందని చెప్పను. లండన్‌లోని టావిస్టాక్ క్లినిక్ 2015లో ప్రచురించిన అధ్యయనంలో 129 మంది ఉన్నారు, అందరూ కనీసం రెండు చికిత్సలు ఫలించని దీర్ఘకాలిక డిప్రెషన్‌తో వచ్చినవాళ్ళే. పద్దెనిమిది నెలల థెరపీ ముగిసేసరికి, మామూలు చికిత్స మాత్రమే తీసుకున్నవాళ్ళకీ, దాంతోపాటు ఇలాంటి థెరపీ కూడా తీసుకున్నవాళ్ళకీ పెద్ద తేడా లేదు. కానీ థెరపీ ఆగిన రెండేళ్ళకి చూస్తే థెరపీ తీసుకున్నవాళ్ళలో 30 శాతం మందికి జబ్బు కొంతవరకైనా తగ్గి ఉంది, అవతలివాళ్ళలో 4.4 శాతం మందికే. పూర్తిగా తగ్గినవాళ్ళు ఇక్కడా తక్కువే. ఆ నిదానం నాకు అర్థమవుతుంది.

మొన్న నాన్న తద్దినం రోజు వంటింట్లో అమ్మతో అనేశాను, "నాన్న మీద నాకు చాలా కోపంగా ఉందమ్మా" అని. గారెలు వేస్తున్న చెయ్యి ఆగింది. "నాకూ ఉందే" అంది.