చిన్న పేటలో అద్దె ఇల్లు: పరిచయం వేరు, కాగితం వేరు

చిన్న నగరంలోని ఒక పేటలో అద్దెకు ఫ్లాట్ వెతుక్కునేవారికి ప్రకటనల కంటే మనుషులే ఎక్కువగా ఉపయోగపడతారు. ఖాళీలు తక్కువగా ఉండే చోట, ఫలానా కుటుంబం ఇల్లు ఖాళీ చేస్తోందన్న సంగతి టు-లెట్ బోర్డు కట్టకముందే చుట్టుపక్కల వారికి తెలిసిపోతుంది. నేను ప్రస్తుతం ఉంటున్న రెండో అంతస్తు ఫ్లాట్ కూడా అలా నోటిమాట మీదనే దొరికింది. అలా దొరికిన ఇంటికి ఒక చిక్కు ఉంటుంది. మధ్యలో తెలిసినవారు ఉన్నారు కనుక గుచ్చి గుచ్చి అడగడానికి, కాగితం రాయించుకోవడానికి మొహమాటం అడ్డు వస్తుంది. ఆ మొహమాటం వల్ల నేను ఒకసారి నష్టపోయాను.

అంతకుముందు ఉన్న ఇంటి యజమాని ఎంతో ఆప్యాయంగా ఉండే పెద్దమనిషి. అద్దె ఎంత, డిపాజిట్టు ఎంత అన్నవి మాటల్లోనే తేలిపోయాయి. నాలుగేళ్ళ తరువాత ఖాళీ చేసే రోజున వాష్‌బేసిన్ మీది పగులు చూపించి ఆయన డిపాజిట్టులో కొంత మినహాయించుకున్నారు. నేను చేరిన నాడే ఆ పగులు ఉన్నదని నాకు స్పష్టంగా గుర్తు. లేదని ఆయనకూ అంతే స్పష్టంగా గుర్తు. ఆయన అబద్ధమాడారని నేను ఈనాటికీ అనుకోవడం లేదు. రోజూ ఎదురుపడే వీధిలో ఆ తరువాత ఇద్దరం తలలు తిప్పుకొని నడవవలసి రావడమే, పోయిన డబ్బు కంటే నన్ను ఎక్కువగా బాధించింది.

అందుకే ఈసారి ఇల్లు చూడడం దగ్గరనుంచే పద్ధతి మార్చుకున్నాను. మొదట ఉదయం పదకొండు గంటలకు చూశాను. ఆ వేళకు ఏ ఇల్లైనా బాగానే కనిపిస్తుంది. మళ్ళీ రాత్రి తొమ్మిది గంటలకు వెళ్ళి పడకగది పడమటి గోడ మీద అరచేయి ఆనిస్తే ఇంకా వేడిగా ఉంది. ఇటుక, కాంక్రీటు మధ్యాహ్నమంతా ఎండను పీల్చుకొని రాత్రి నెమ్మదిగా వదులుతాయి కనుక, ఆ గోడకు ఆనించి మంచం వేయకూడదని అప్పుడే నిర్ణయించుకున్నాను. పైఅంతస్తు వారి అడుగుల చప్పుడు స్లాబు గుండా నేరుగా దిగుతుందన్నదీ ఆ రాత్రే తెలిసింది.

మూడోసారి వాన వెలిసిన మరునాడు వెళ్ళాను. అద్దె ఇంట్లో నేను అన్నిటికంటే ఎక్కువగా చూసేది చెమ్మను. నేలలోనుంచి ఎక్కే చెమ్మ కింది అంతస్తు గోడల్లో సుమారు మీటరు ఎత్తు వరకు కనిపిస్తుంది. గోడలోని పైపు కారితే ఎండాకాలంలోనూ మరక ఆరదు. గాలి ఆడక పుట్టే చెమ్మ బీరువా వెనుక, గది మూలల్లో నల్లని బూజుగా బయటపడుతుంది. గోడ మీద తెల్లని పొడి రాలుతుంటే, లోపలి నీరు లవణాలను కరిగించి తెచ్చి, తాను ఆవిరైపోయి వాటిని అక్కడ వదిలిందని అర్థం. గది మొత్తంలో ఒక్క గోడకే కొత్త రంగు వేసి ఉంటే, ఎందుకు వేశారని తప్పక అడగాలి.

నీళ్ళ విషయంలో ట్యాంకు ఎంత ఎత్తున ఉన్నదో చూడాలి. 10 మీటర్ల ఎత్తు నీరు సుమారు 1 బార్ ఒత్తిడి ఇస్తుంది. అంటే ట్యాంకుకు 3 మీటర్ల కిందనే ఉన్న పైఅంతస్తు కుళాయికి అందేది 0.3 బార్ మాత్రమే. షవరు సన్నగా రావడానికి, కొన్ని రకాల గీజర్లు అసలు పనిచేయకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. వంటింటి కుళాయి, స్నానాలగది కుళాయి ఒకేసారి తిప్పి చూస్తే సంగతి తెలిసిపోతుంది.

ఒప్పందం మాట ఎత్తినప్పుడు ఇంటి యజమానురాలు కొంచెం నొచ్చుకున్నారు. "మన మధ్య కాగితాలెందుకండీ?" అన్నారు. "ఐదేళ్ళ తరువాత ఏ పగులు ఎప్పటిదో మనిద్దరికీ గుర్తుండదండీ, ఇవాళే రాసుకుందాం" అన్నాను. అద్దెలో నీళ్ళు, మెయింటెనెన్స్ కలిసి ఉన్నాయా, అద్దె ఎప్పుడు ఎంత పెరుగుతుంది, ఖాళీ చేయడానికి ఇరువైపులా ఎన్ని రోజుల ముందు చెప్పాలి, డిపాజిట్టు ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలి అన్నవన్నీ రాశాము. గోడలోని పైపులు, వైరింగు ఆవిడ బాధ్యత. బల్బులు, కుళాయి వాషర్లు నా బాధ్యత. రంగు వెలిసిపోవడం, నేల నునుపు తగ్గడం వంటి మామూలు అరుగుదలకు డిపాజిట్టులో కోత ఉండకూడదన్నది ప్రత్యేకంగా రాయించాను. చాలా దేశాల చట్టాలు కూడా వాడుక వల్ల వచ్చే అరుగుదలనూ, అజాగ్రత్త వల్ల కలిగే నష్టాన్నీ వేరుగానే చూస్తాయి. చేరిన రోజు కరెంటు మీటరు రీడింగును ఫొటో తీసి, పాత బిల్లు బాకీ లేదని చూసుకున్నాను.

తరువాత ఇద్దరం గది గదికీ తిరిగి లోపాల జాబితా రాయడం మొదలుపెట్టాము. మూడో గదికి వచ్చేసరికి ఆవిడ నొచ్చుకోలు తగ్గిపోయింది. నేను గమనించని వంటింటి కిటికీ గొళ్ళెం వదులుగా ఉన్నదని ఆవిడే చూపించి, "ఇదీ రాయండి" అన్నారు. మొత్తం 17 అంశాలయ్యాయి. రెండు ప్రతుల మీద ఇద్దరం సంతకాలు చేసి, చెరొకటి ఉంచుకున్నాము. పోయిన నెలలో వడ్రంగిని వెంటబెట్టుకొని వచ్చి ఆ గొళ్ళెం బిగింపించినప్పుడు ఆవిడ తన ప్రతిని కూడా చేతిలో తెచ్చుకున్నారు. రెండు కాగితాల్లోనూ ఆ వరుస కొట్టివేసి, పక్కన తేదీ వేశాము.