ద్రవ హైడ్రోజన్ ఫ్లోరైడ్‌లో పాలిమర్ తయారీ: నా అనుభవం

పరిశోధక విద్యార్థిగా నాకు అప్పగించిన పని పాలీఈథర్‌కీటోన్ అనే పాలిమర్‌ను, అంటే చిన్న అణువులు కలిసిన పొడవాటి గొలుసును, తయారు చేయడం. పారా-ఫినాక్సీబెంజోయిల్ క్లోరైడ్ అణువులు ఒకదాని కొసకు మరొకటి అతుక్కుంటూ పోతే ఈ గొలుసు ఏర్పడుతుంది. అందుకు బెంజీన్ వలయానికి కార్బన్ సమూహాన్ని అతికించే ఫ్రీడెల్-క్రాఫ్ట్స్ చర్య చాలు. అయితే డైక్లోరోమీథేన్ అనే ద్రావణిలో అల్యూమినియం క్లోరైడ్ వేసి ఎన్నిసార్లు చేసినా, గొలుసు కాస్త పొడవయ్యేసరికే పాలిమర్ ద్రావణం నుంచి విడివడి ముద్దగా అడుగుకు చేరేది, ఆపై పెరిగేది కాదు. ఆరు నెలలు అలా గడిచాక మా గైడ్ గారు 1970లలో రేకెమ్ సంస్థ అనుసరించిన మార్గాన్ని చూపించారు: అనార్ద్ర (నీరు లేని) ద్రవ హైడ్రోజన్ ఫ్లోరైడ్‌లో బోరాన్ ట్రైఫ్లోరైడ్.

ఈ రెండూ కలిస్తే అత్యంత బలమైన ఆమ్లమవుతుంది. అది గొలుసులోని కీటోన్ సమూహాలకు ప్రోటాన్లను అందించడం వల్ల గొలుసు ధనావేశంతో ద్రావణంలోనే నిలిచి ఉంటుంది. చర్యను నడిపించే ఉత్ప్రేరకమూ అదే. ద్రావణి, ఉత్ప్రేరకం వేర్వేరుగా ఉండని ఆ ఏర్పాటు నన్ను మొదటి రోజే ఆకట్టుకుంది.

పరికరాలు అమర్చడానికే రెండు నెలలు పట్టింది. హైడ్రోజన్ ఫ్లోరైడ్ 19.5 డిగ్రీల సెల్సియస్ వద్దే మరుగుతుంది కనుక మా హైదరాబాద్ ల్యాబ్‌లో అది ద్రవంగా నిలవదు. డ్రై ఐస్‌తో చల్లబరిచిన పాత్రలోకి ఆవిరిని పంపి ద్రవీకరించాలి. గాజును తినేస్తుంది కనుక పాత్రలు, గొట్టాలు అన్నీ టెఫ్లాన్, కెల్-ఎఫ్ వంటి ఫ్లోరిన్ ప్లాస్టిక్‌లవే. గాజు పాత్రలో రంగు చూసి చర్యను అంచనా వేసే అలవాటున్న నాకు ఆ మసక గోడల వెనుక ఏం జరుగుతోందో ఊహించుకోవడం కష్టమైంది. సిలిండర్‌ను కాస్త తెరిచి, గొట్టాల ప్రతి కీలు దగ్గరా అమోనియా ఆవిరి చూపించి, లీకును తెలిపే తెల్లని పొగ రాలేదని నిర్ధారించుకున్న తర్వాతే పూర్తిగా తెరిచేవాళ్లం.

జూలైలో చేసిన మొదటి ప్రయత్నం విఫలమైంది. పాలిమర్‌ను సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించి, గొలుసు పొడవును సూచించే స్నిగ్ధత (చిక్కదనం) కొలిస్తే 0.3 మాత్రమే వచ్చింది. వెతగ్గా వెతగ్గా తేలిందేమిటంటే, వానాకాలపు తేమకు నా మోనోమర్‌లో (గొలుసుగా మారాల్సిన ఆ క్లోరైడ్‌లో) కొంత భాగం ఆమ్లంగా మారిపోయింది. ఆ ఆమ్లం కూడా గొలుసులో చేరుతుంది గానీ, చేరేటప్పుడు విడుదలయ్యే నీరు బోరాన్ ట్రైఫ్లోరైడ్‌ను పట్టేసుకుంటుంది. నేనేమో దాన్ని లెక్కకు సరిపడా మాత్రమే పంపాను. మోనోమర్‌ను మళ్లీ స్ఫటికీకరించి, బోరాన్ ట్రైఫ్లోరైడ్ ధారాళంగా ఇచ్చి చేసిన రెండో ప్రయత్నంలో ద్రావణం నారింజ రంగులో తేనెలా చిక్కబడింది, స్నిగ్ధత 1.1కు చేరింది.

అసలు పొరపాటు ఆ తర్వాత జరిగింది. స్వచ్ఛమైన ద్రవంతో పని చేసినంతసేపూ రెండు జతల గ్లవ్స్, ముఖానికి షీల్డ్, పక్కన ఈ ఆమ్లపు గాయాలకు పూసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ ఉంచుకున్న నేను, ఆమ్లాన్ని ఆవిరి చేసి సున్నపు ట్రాప్‌లోకి పంపేశాక మిగిలిన పాలిమర్‌ను కడిగిన నీళ్లను మాత్రం మామూలు నీళ్లలా చూశాను. పలుచటి గ్లవ్‌కు గోరు దగ్గర చిన్న చిల్లు పడింది. అప్పుడు మంట లేదు, మచ్చ లేదు. రాత్రి పదింటికి వేలు గోటి కింద సలపడం మొదలైంది. పలుచని ఆమ్లం గంటల తరబడి మౌనంగా లోపలికి దిగుతుందనీ, ఫ్లోరైడ్ ఒంట్లోని కాల్షియాన్ని పట్టేస్తుందనీ శిక్షణలో విన్నదే. అయినా ఎక్కడైనా దెబ్బ తగిలిందేమో అనుకుంటూ గంటసేపు కాలయాపన చేశాను. చివరికి జెల్ నింపిన గ్లవ్ తొడుక్కుని ఆసుపత్రికి వెళ్లి, డ్యూటీ డాక్టర్ గారికి పదార్థం పేరు చెప్పాను. ఆయన వెంటనే ఈసీజీ తీసి, రక్తంలో కాల్షియం పరీక్ష చేయించారు. రెండూ సరిగానే ఉన్నాయి. నొప్పి తెల్లవారుజాముకు తగ్గింది, గోరు మాత్రం నల్లబడి ఊడి, మళ్లీ వచ్చింది.

ఆ తర్వాత కడిగిన నీళ్ల బకెట్‌లో ముందు సున్నం వేసి, పీహెచ్ కాగితంతో చూసిన తర్వాతే దాన్ని ముట్టుకున్నాను.