ఆక్సీమీటర్‌లో 98

మే 20, 2021, గురువారం. కరీంనగర్.

రాత్రి మూడున్నర దాకా నిద్ర పట్టలేదు. ఆరింటికి నాన్న స్కూటర్ చప్పుడుకి మెలకువ వచ్చింది. లాక్‌డౌన్ సడలింపు ఆరు నుంచి పది దాకానే. డిగ్రీ కాలేజీ ఎదురుగా మాది జిరాక్స్ షాపు. కాలేజీయే మూసేశాక జిరాక్స్ ఎవరికి కావాలి? అయినా రోజూ వెళ్లి షట్టర్ తీస్తాడు. ఇవాళ పదింటికి వచ్చి చొక్కా జేబులోంచి నలభై రూపాయలు తీసి టీవీ పక్కన పెట్టాడు. రెండు ఆధార్ కార్డులు, ఎవరివో కోవిడ్ రిపోర్టు ప్రింట్లు. ఆ ప్రింట్లకి వచ్చినవాళ్లు దగ్గారా అని అడగబోయి ఆగిపోయాను. అడిగితే రేపటి నుంచి నాకేం చెప్పడు.

లేవగానే ఆక్సీమీటర్ పెట్టుకున్నాను. 98. పళ్లు తోముకున్నాక 97. ఆ ఒక్కటి ఎందుకు తగ్గిందని మళ్లీ. గోరింటాకు వేలికి తప్పు చూపిస్తుందేమోనని వేలు మార్చి ఇంకోసారి. జ్వరం లేదు, దగ్గు లేదు. పప్పుకి పోపు పెడుతూ అమ్మ, "ఎన్నిసార్లు చూస్తవే, అరిగిపోతది" అంది. నవ్వాను. నవ్వుతూనే ఇంగువ డబ్బా మూత తీసి వాసన చూశాను. తెలిసింది.

తర్వాత ఫోన్. క్లాస్‌మేట్ స్టేటస్‌లో వాళ్ల నాన్న ఫోటో, దానికి దండ. పోయిన వారం ఆయనకి ప్లాస్మా దాత కావాలని నేనే నాలుగు గ్రూపుల్లో పెట్టాను. మొన్న సోమవారం ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన మండలి) ప్లాస్మాని కోవిడ్ చికిత్స జాబితాలోంచే తీసేసింది. వాడికి "ఓం శాంతి" అని టైప్ చేసి చెరిపేశాను.

నా బీటెక్ అయి ఏడాది. ఆఫర్ లెటర్ ఉంది, జాయినింగ్ మూడోసారి వాయిదా పడింది. ఇది ఎవరితో అనాలి? తండ్రి పోయినవాడితోనా, ఖాళీ షాపు తీసి కూర్చునే నాన్నతోనా? ఇంట్లో బియ్యం ఉన్నాయి, అందరం బాగున్నాం, నాకేం రోగం అని నన్ను నేనే తిట్టుకుంటాను. ఏడవాలన్నా మనకంటే కష్టంలో ఎవరున్నారో లెక్క చూసుకోవాల్సి వస్తోంది.

సాయంత్రం, హాస్టల్‌లో ఉన్నప్పటి నా రూమ్మేట్ ఫోన్ చేసింది. రెండేళ్లుగా ఆందోళనకి మందులు వాడుతోంది. పది రోజుల క్రితం అయిపోయాయట, డాక్టరేమో హైదరాబాద్‌లో.

"ఇంట్ల చెప్పినవా?"

"ఇప్పుడు ఇదొక్కటే తక్కువైందా అంటరే."

నా లెక్కే దానిది కూడా! డాక్టర్లు ఫోన్‌లోనూ చూస్తున్నారు కదా, పాత చీటీ ఫోటో పంపు, రేపు పొద్దున్నే అపాయింట్‌మెంట్ తీసుకుంటా అన్నాను. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన కిరణ్ హెల్ప్‌లైన్‌లో తెలుగులో మాట్లాడతారని కూడా చెప్పాను. ఆ నంబర్ నెల రోజులుగా నా ఫోన్‌లోనే ఉందని, నేనూ చేయలేదని చెప్పడానికి మాత్రం కాస్త టైమ్ పట్టింది. నిద్ర లేని సంగతి, ఆక్సీమీటర్ సంగతి అప్పుడు చెప్పాను. అది పగలబడి నవ్వింది. "ఇప్పుడెంతుంది?"

చూసి చెప్పాను. 98.

ఇప్పుడు పన్నెండు నలభై. క్లాస్‌మేట్‌కి "తిన్నవారా?" అని పంపాను. టిక్కులు నీలం అయ్యాయి. ఇంకా ఏం రాయలేదు.