పీఠం మీద ఎండిన మట్ట

ఈస్టరుకి ముందు వచ్చే తపస్సు కాలం మొదలయ్యే రోజు విభూది బుధవారం. దానికి రెండు వారాల ముందు మా గుడిలో పూజ అయ్యాక చెప్తారు, ఇళ్ళల్లో ఉన్న పాత మట్టలు తెచ్చివ్వమని. గుమ్మం పక్కన ఒక అట్టపెట్టె పెడతారు. పోయినేడు మట్టల ఆదివారం నాడు దీవించి మన చేతికిచ్చిన కొబ్బరాకులే అవి. ఏడాదంతా ఇంటి పీఠం మీద సిలువ వెనక ఉండి, పచ్చదనం పోయి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలేలా తయారవుతాయి. వాటిని కాల్చి, జల్లెడ పట్టి, ఆ బూడిదతోనే బుధవారం మన నుదుటి మీద సిలువ గుర్తు వేస్తారు.

కొన్నేళ్ళ క్రితం ఒక ఆదివారం ఆ పెట్టె ముందు నేను వట్టి చేతులతో నిలబడ్డాను. ముందూ వెనకా అందరి చేతుల్లో ఏదో ఒకటి ఉంది, ఒక ముసలావిడ అయితే ప్లాస్టిక్ కవరులో నాలుగిళ్ళవి కలిపి తెచ్చింది. మాది మాత్రం లేదు. క్రిస్మస్‌కి ఇల్లు దులుపుతూ, బూజుతో పాటు నేనే చెత్తబుట్టలో వేసేశాను. పండక్కి వచ్చిన అమ్మ పీఠం వైపు చూడగానే అడిగింది, "మట్టేదే?" అని. ఎండిపోతే పారేశానని చెప్పాను. "ఎండాలనే కదే పెట్టేది" అంది, అంతే, ఇంకేమీ అనలేదు. ఆ మాట నాకు అర్థమైంది మాత్రం ఆ పెట్టె ముందే.

మా అమ్మ పీఠం గోడలో ఒక గూడు. ఫిరంగిపురం దగ్గర పల్లెటూరు మాది, బాల యేసు గుడి గంట గాలివాటు బాగుంటే మా దొడ్లోకి వినిపించేది. గూట్లో నరసాపురం లేసు గుడ్డ, దాని మీద యేసు తిరుహృదయం పటం, గుణదల మాత స్వరూపం, మధ్యలో సిలువ. పటం అంచున కొవ్వొత్తి పొగ పట్టి ఒక నల్లటి చార ఉంటుంది, అమ్మ ఎన్నిసార్లు తుడిచినా పోలేదు. కారిన మైనాన్ని పాత బ్లేడుతో గీకి, డబ్బాలో దాచి మళ్ళీ కరిగించేది. ఇవి కాక ఆ గూట్లోకి వచ్చిపోయేవి చాలా ఉండేవి. నా పదో తరగతి హాల్ టికెట్టు, నాన్న తెచ్చిన మిరప విత్తనాల ప్యాకెట్టు, అన్నయ్య మొదటి జీతం కవరు, అన్నీ ఒక రాత్రి అక్కడుండి, జపమాల విని, తెల్లారి వాటి పని మీద అవి వెళ్ళేవి. నేను చాప మీద కునికిపాట్లు పడుతూనే "మా కొరకు ప్రార్థించండి" అని బదులు చెప్పేదాన్ని.

మట్టకి మాత్రం ఏడాదంతా అక్కడే చోటు. ఎందుకో చాలా కాలం ఆలోచించలేదు. ప్రభువు యెరూషలేముకి వచ్చినప్పుడు జనం కొమ్మలు పరిచారని వేరే సువార్తల్లోనూ ఉంది కానీ, అవి ఖర్జూరపు మట్టలని చెప్పేది యోహానుగారు ఒక్కరే, పన్నెండో అధ్యాయంలో. హోసన్నా అని కేకలేసిన ఆ ఊళ్ళోనే, వారం తిరక్కుండా, సిలువ వేయమని అరిచారు. మనం ఆదివారం పచ్చి మట్ట ఊపుతూ ఊరేగింపులో నడిచి, ఆ పాటా ఆ ఉత్సాహమూ గుడి దగ్గరే వదిలేసి రాకుండా, ఆకుని ఇంటికి తెచ్చుకుంటాం. అది మన కళ్ళముందే వాడుతుంది. మన హోసన్నా కూడా అలాగే వాడుతుంది, నాది వాడిందని నాకు తెలుసు, ఎన్ని రాత్రులు ఫోన్ చూస్తూ జపమాల మానేశానో లెక్కలేదు. అలా వాడిందాన్నే గుడివాళ్ళు తిరిగి అడుగుతున్నారు, పచ్చిది కాదు. నీవు మన్నే గనుక తిరిగి మన్నైపోదువు అన్న మాట వింటూ దాన్నే నుదుటన పెట్టించుకుంటాం.

చెల్లి జర్మనీలో, మ్యూనిక్‌లో నర్సు. ఒకసారి తన దగ్గరికి వెళ్ళినప్పుడు ఆల్ట్యోటింగ్ అనే పుణ్యక్షేత్రంలో మాత దగ్గరికి తీసుకెళ్ళింది. చిన్న గుడి, లోపల పొగకి నల్లబడినట్టున్న మరియమాత, బయట వరండాలో భక్తులు కొయ్య సిలువలు భుజాన మోస్తూ గుడి చుట్టూ తిరుగుతున్నారు, నాకు గుణదల కొండ మెట్లు గుర్తొచ్చి కళ్ళు తడిశాయి. తిరిగొస్తూ చెల్లికి తెలిసిన ఒక పెద్దావిడ ఇంట్లో భోజనం చేశాం. బల్ల పైన, గోడల మూలలో సిలువ. హెర్‌గాట్స్‌వింకెల్ అంటారట, దేవుడి మూల అని. ఆ సిలువ వెనక ఎండిన కొమ్మ! అక్కడ కొబ్బరీ ఖర్జూరమూ ఎక్కడివి, చలి తగ్గుతూనే మెత్తటి బూరు మొగ్గలు వేసే విల్లో కొమ్మల్ని మట్టలుగా దీవిస్తారు. ఉరుములు పెద్దగా వస్తే ఆ కొమ్మ ముక్క పొయ్యిలో వేసి, ఆల్ట్యోటింగ్‌లో కొన్న నల్ల కొవ్వొత్తి వెలిగించడం వాళ్ళ అమ్మల నాటి అలవాటని ఆవిడ చెప్తుంటే చెల్లీ నేనూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. 1977 ఉప్పెన రాత్రి మా అమ్మమ్మ గుణదల నుంచి తెచ్చిన కొవ్వొత్తి వెలిగించి, పిల్లల్ని గూడు కింద కూర్చోబెట్టి తెల్లవార్లూ జపమాల చెప్పించిందని అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో.

ఆ ఆదివారం ఇంటికొచ్చి అమ్మకి ఫోన్ చేశాను. పెట్టెలో వెయ్యడానికి ఏమీ లేదని చెప్తే, "సరేలే" అని పెట్టేసింది. శనివారం సాయంత్రం రైలు దిగి వచ్చింది. సంచిలో పచ్చళ్ళ సీసాల పైన, నలగకుండా, పేపర్లో చుట్టిన వాళ్ళ మట్ట. బల్ల మీద పేపరు విప్పి దాన్ని సగానికి విరిచింది, సగం నా చేతిలో పెట్టి, సగం తన ఊరి గుడి కోసం మళ్ళీ చుట్టుకుంది. పేపరు మడతలో రాలిన తునకలు కొన్ని మిగిలాయి. దీవించినవి కదా, చెత్తలో వెయ్యనివ్వలేదు. అరచేతిలోకి దులుపుకుని, బాల్కనీలో మల్లె కుండీలో వేసి, వేళ్ళతో మట్టి కప్పింది.