నలభై బ్రాకెట్లకూ ఎర్ర ట్యాగులు: వెండర్ అప్రూవల్ దాకా నా అనుభవం

ఒక డ్రోన్ కంపెనీకి విడిభాగాలు సరఫరా చేసే వెండర్‌గా మమ్మల్ని ఒప్పుకుంటూ నిన్న సాయంత్రం అప్రూవల్ మెయిల్ వచ్చింది. తొమ్మిది నెలలు పట్టింది.

హైదరాబాద్ బాలానగర్‌లో మాది రెండు సీఎన్‌సీ మిషన్ల (కంప్యూటర్‌తో లోహాన్ని కోసేవి) షాపు. 2024 జనవరిలో హైదరాబాద్‌లో తయారైన దృష్టి-10ని నేవీకి అప్పగించారు. ఏకబిగిన 36 గంటలు గాలిలో ఉండగల నిఘా డ్రోన్ మన ఊళ్లో తయారైందంటే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అంత పెద్దవాళ్ల దగ్గరికి నేను పోలేదు. వేరే చిన్న డ్రోన్ కంపెనీ ఒకటి కెమెరా బిగించే బ్రాకెట్లకు ట్రయల్ ఆర్డర్ ఇచ్చింది.

ఉద్యమ్ (చిన్న పరిశ్రమల రిజిస్ట్రేషన్), జీఎస్టీ కాగితాలు ఒక్కరోజులో అయిపోయాయి. షాపు ఆడిట్ కూడా సాఫీగా సాగింది.

దెబ్బ తగిలింది ఫస్ట్ ఆర్టికల్ ఇన్‌స్పెక్షన్‌లో, అంటే మొదట చేసిన ముక్కల తనిఖీలో. 7075 రకం అల్యూమినియం, 40 ముక్కలు, 20 మైక్రాన్ల లోపు తేడా. సీఎంఎం (కొలతలు తీసే మిషన్) రిపోర్టులో ఒక్క కొలతా తప్పలేదు. కంపెనీ నుంచి వచ్చిన క్వాలిటీ అబ్బాయి ఆ రిపోర్టు తిప్పనైనా లేదు. "హీట్ నంబర్ ఏది సార్?" అన్నాడు. లోహం కొన్న రాణిగంజ్ షాపులో ఇచ్చిన సర్టిఫికెట్ జిరాక్స్ చూపించా. దాంట్లో ఒక నంబరు, మేం కోసిన అల్యూమినియం బార్ మీద ఇంకో నంబరు. అంతే, మా కుర్రాళ్ల ముందే నలభైకీ రిజెక్ట్ అని ఎర్ర ట్యాగులు కట్టించాడు. పైగా "ఇది చైనా సరుకు కాదని మేమెట్లా నమ్మాలి?" అన్నాడు. ఇరవై రెండేళ్లుగా మిషన్ మీద నిలబడ్డవాణ్ణి. ఆ మాట ఇంకా గుచ్చుతోంది.

రాణిగంజ్ పోయి నిలదీస్తే "ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదన్నా" అన్నాడు షాపాయన.

అడగడం న్యాయమే, ఒప్పుకుంటా. ఆ లోహాన్ని ఏ విడతలో కరిగించారో చెప్పేది హీట్ నంబరే. గాలిలో ఒక బ్రాకెట్ విరిగితే, అదే విడత ముక్కలు ఇంకా ఏయే డ్రోన్లలో ఉన్నాయో దాన్నిబట్టే వెతుకుతారు. చైనా విడిభాగాల గొడవతో 2025లో సైన్యానికి రావాల్సిన 400 డ్రోన్ల కాంట్రాక్టులే రద్దయ్యాయి. కానీ పనివాళ్ల ముందు మనిషిని దొంగలా నిలబెట్టాల్సిన పని లేదు.

నాలాంటివాళ్లకు చెప్పేదొకటే. లోహం తయారుచేసే మిల్లు తన పరీక్ష ఫలితాలతో ఇచ్చే 3.1 సర్టిఫికెట్ మీ చేతిలో పడ్డాకే డబ్బు కట్టండి. బార్ కోయకముందే మిగిలే ముక్క మీద కూడా నంబరు కొట్టించండి. కన్సల్టెంట్లను మాత్రం గుమ్మం ఎక్కనివ్వకండి. 35 వేలు తీసుకున్నాయన నాకు ఈ రెండు ముక్కలు చెప్పలేదు.

రెండో లాట్ 40కి 40 పాసయ్యాయి. అదే అబ్బాయి సంచిలోంచి ఆకుపచ్చ ట్యాగులు బయటికి తీస్తుంటే, వాటిని మా పెద్ద ఆపరేటర్ తన చేత్తోనే కట్టాడు. ఇప్పుడు ఆర్డర్ 200. బార్లు సోమవారం వస్తాయి, సర్టిఫికెట్ ఇప్పటికే మా బీరువాలో ఉంది.